ప్రాసెసర్ ఎమ్యులేటర్: ఆపరేటింగ్ సిస్టమ్‌ను నడిపి చూడడం

గత పాఠాలలో మీరు ప్రాసెస్, పేజీ టేబుల్, ఇంటరప్ట్ వంటి భావనలను చదివారు. వాటిని చదవడం ఒక ఎత్తు, ఒక కెర్నెల్ నిజంగా బూట్ అవుతుండగా చూడడం మరో ఎత్తు. అయితే దూరవిద్యలో చదివేవారికి ఇక్కడ ఒక చిక్కుంది. కళాశాల ప్రయోగశాలలో కంప్యూటర్ పాడైతే సరిచేసే మనిషి ఉంటాడు. మీ ఇంట్లో ఉన్నది బహుశా ఒకటే ల్యాప్‌టాప్. అందులోనే తమ్ముడి ప్రాజెక్టు రిపోర్టు, నాన్నగారి పింఛను కాగితాల స్కాన్లు, పెళ్లి ఫొటోలు ఉంటాయి. సగం మార్చిన కెర్నెల్‌ను నేరుగా దాని మీద నడపడం మంచిది కాదు.

ఈ చిక్కును తీర్చేది ప్రాసెసర్ ఎమ్యులేటర్. ఒక కంప్యూటర్ మొత్తాన్ని, అంటే ప్రాసెసర్, మెమరీ, డిస్క్, కీబోర్డులను, సాఫ్ట్‌వేర్‌గా చూపించే ప్రోగ్రామ్ ఇది. విరివిగా వాడుకలో ఉన్న క్యూఎమును ఫాబ్రిస్ బెలార్డ్ అనే ఫ్రెంచ్ ప్రోగ్రామర్ 2003లో విడుదల చేశాడు. ఇది ఉచితం, దీని సోర్స్ కోడ్ ఎవరైనా చదవవచ్చు. ఆండ్రాయిడ్ యాప్‌లు రాసేవారు వాడే ఎమ్యులేటర్ కూడా దీని ఆధారంగా తయారైనదే. ఇకపై మీ అసలు కంప్యూటర్‌ను హోస్ట్ అనీ, క్యూఎము లోపల నడిచేదాన్ని గెస్ట్ అనీ అందాం.

అనువాదం ఎలా జరుగుతుంది?

మీ ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌కు తెలిసిన యంత్రభాష ఎక్స్86 అనుకుందాం. మీరు నడపదలచిన కెర్నెల్‌ను రిస్క్-ఫైవ్ ప్రాసెసర్ కోసం కంపైల్ చేశారు. ఇది ఒక భాష మాత్రమే తెలిసిన అధికారికి మరో భాషలో అర్జీ ఇవ్వడం లాంటిది. మధ్యలో దుబాసి కావాలి.

దుబాసి ప్రతి వాక్యాన్నీ చదివి అక్కడికక్కడే అర్థం చెప్పవచ్చు. అదే వాక్యం వెయ్యిసార్లు వస్తే వెయ్యిసార్లూ చెప్పాలి. అలా కాకుండా ఒక పేరాను పూర్తిగా అనువదించి కాగితం మీద రాసిపెట్టుకుని, ఆ పేరా మళ్లీ వచ్చినప్పుడు కాగితాన్నే అందించవచ్చు. క్యూఎముది ఈ రెండో పద్ధతి. దీన్ని డైనమిక్ అనువాదం అంటారు. ఇక్కడ పేరా అంటే వరుసగా అమలయ్యే ఆదేశాల గుంపు. సాధారణంగా అది ఒక బ్రాంచ్ లేదా జంప్ ఆదేశం దగ్గర ముగుస్తుంది. క్యూఎములోని టైనీ కోడ్ జనరేటర్ ఆ గుంపును ముందు ఒక మధ్యస్థ రూపంలోకి, తరువాత హోస్ట్ ఆదేశాలలోకి మార్చి దాచిపెడుతుంది. ఒక లూప్ లక్షసార్లు తిరిగినా సాధారణంగా అనువాదం ఒక్కసారే జరుగుతుంది.

మరి గెస్ట్ ఎందుకు నెమ్మదిగా నడుస్తుంది? ముఖ్య కారణం మెమరీ. గెస్ట్ కెర్నెల్‌కు తనదైన పేజీ టేబుల్ ఉంటుంది. అది వాడే ప్రతి చిరునామా హోస్ట్ మెమరీలో ఎక్కడుందో వెతకాలి. అసలు ప్రాసెసర్‌లో టీఎల్‌బీ అనే హార్డ్‌వేర్ చేసే ఈ పనిని ఇక్కడ అదనపు ఆదేశాలు చేస్తాయి. మరో సంగతి కూడా ఉంది. గెస్ట్ ఒక పాత ప్రోగ్రామ్ ఉన్న పేజీలోకే కొత్త ప్రోగ్రామ్‌ను తెచ్చి పెడితే, దాచిన అనువాదం తప్పవుతుంది. అందుకే అనువదించిన కోడ్ ఉన్న పేజీలను క్యూఎము కనిపెట్టుకుని ఉంటుంది. వాటిలో ఏదైనా మారగానే పాత అనువాదాన్ని పారేస్తుంది.

గెస్ట్, హోస్ట్ రెండూ ఒకే ప్రాసెసర్ కుటుంబానివైతే దుబాసి అక్కరలేదు. 2007లో లినక్స్ కెర్నెల్‌లో చేరిన కేవీఎం ద్వారా గెస్ట్ ఆదేశాలు నేరుగా అసలు ప్రాసెసర్ మీదే నడుస్తాయి. అప్పుడు క్యూఎము ముఖ్యంగా డిస్క్, నెట్‌వర్క్ వంటి పరికరాలను చూసుకుంటుంది. క్యూఎములో మీ ఉబుంటు మరీ ఈడుస్తూ ఉంటే ముందు చూడవలసింది కేవీఎంను వాడమని చెప్పారా లేదా అన్నదే. మెమరీ ఎంతో చెప్పకపోతే పీసీ గెస్ట్‌కు దక్కేది 128 మెగాబైట్లు. నేటి డెస్క్‌టాప్‌కు అది ఏ మూలకూ చాలదు.

ఒక చిన్న కెర్నెల్‌తో ప్రయోగం

అమెరికాలోని ఎంఐటీలో బోధన కోసం 2006లో తయారైన ఎక్స్‌వీ6 మన అవసరానికి చక్కగా సరిపోతుంది. యునిక్స్ ఆరవ ఎడిషన్ నమూనాలో రాసిన ఈ కెర్నెల్ ఇప్పటి రూపం రిస్క్-ఫైవ్ కోసం ఉంది. కొద్ది వేల పంక్తులే కాబట్టి ఓపికగా కూర్చుంటే మొత్తం చదవవచ్చు. పెద్ద కెర్నెళ్ల జోలికి వెళ్లేముందు దీన్ని చదవమనే మా సలహా.

రిస్క్-ఫైవ్ కంపైలర్‌ను, క్యూఎమును ఇన్‌స్టాల్ చేసుకుని, ఎక్స్‌వీ6 ఫోల్డర్‌లో మేక్ ఆదేశానికి క్యూఎము అన్న లక్ష్యం ఇవ్వండి. గెస్ట్ ప్రాసెసర్ మొదట 1000 అనే హెక్సాడెసిమల్ చిరునామా వద్ద ఉన్న కొద్దిపాటి ఆదేశాలను నడిపి, అక్కడి నుంచి 80000000కు దూకుతుంది. కెర్నెల్‌ను క్యూఎము ముందే అక్కడ ఉంచింది. కెర్నెల్ బూట్ అవుతున్నదన్న సందేశం తరువాత 1, 2 సంఖ్యలు గల ప్రాసెసర్ కోర్లు మొదలైనట్లు రెండు పంక్తులు వస్తాయి. నాలుగైదుసార్లు నడిపి చూడండి. వాటి వరుస ఒక్కోసారి మారవచ్చు. సమాంతరంగా నడిచే కోర్ల గురించి చదివిన మాట అప్పుడు కళ్లకు కడుతుంది.

ఇక్కడ గెస్ట్ డిస్క్ అంటే మీ ఫోల్డర్‌లోని ఒక ఫైలు మాత్రమే. మీ మార్పు వల్ల అది పాడైతే తొలగించి మళ్లీ తయారు చేసుకోవచ్చు. కానీ ఒక్క జాగ్రత్త. అడ్మినిస్ట్రేటర్ అనుమతితో క్యూఎమును నడుపుతూ, డిస్క్ ఫైలు ఉండాల్సిన చోట మీ అసలు హార్డ్ డిస్క్ పేరు ఇవ్వకండి. అలా ఇస్తే గెస్ట్ రాసేదంతా నిజంగానే అందులోకి వెళుతుంది. ఇంటి ఫొటోలు పోయేది అక్కడే.

ఎమ్యులేటర్ చెప్పే ప్రతిదాన్నీ నమ్మకూడదు కూడా. క్యూఎము ప్రాసెసర్ క్యాష్‌ల ప్రవర్తనను అనుకరించదు. కాబట్టి మీ అల్గారిథమ్‌కు పట్టిన సమయాన్ని ఇందులో కొలిచి రికార్డులో రాస్తే ఆ అంకెకు విలువ లేదు. అలాగే ఎక్స్86 ప్రాసెసర్ మెమరీ వరుసను కాస్త కట్టుదిట్టంగా పాటిస్తుంది. అందువల్ల మీ లాక్ కోడ్‌లో ఫెన్స్ ఆదేశం మరిచిపోయినా ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచి, అసలు రిస్క్-ఫైవ్ బోర్డు మీద తప్పు బయటపడవచ్చు.

అభ్యాసం

ఎక్స్‌వీ6 షెల్ కనిపించాక కంట్రోల్, ఏ కలిపి నొక్కి వదిలి, సీ నొక్కండి. క్యూఎము మానిటర్ తెరుచుకుంటుంది. అందులో ఇన్ఫో రిజిస్టర్స్ అన్న ఆదేశం ప్రాసెసర్ రిజిస్టర్లను, ఇన్ఫో మెమ్ అన్న ఆదేశం అప్పటి పేజీ టేబుల్‌ను చూపుతాయి. పేజీ టేబుల్‌లో వర్చువల్ చిరునామా, భౌతిక చిరునామా రెండూ 10000000గా ఉన్న వరుసను వెతకండి. దానికి ఏయే అనుమతులు ఉన్నాయి? ఆ చిరునామా వద్ద ఉన్నది మెమరీ కాదు, ఒక పరికరం. అది ఏదో ఎక్స్‌వీ6లోని మెమరీ అమరిక ఫైలు చదివి కనుక్కోండి. బయటకు రావాలంటే మళ్లీ కంట్రోల్, ఏ నొక్కి వదిలి, ఎక్స్ నొక్కండి.