మెలకువ వచ్చాక ఏ పుస్తకం?

1896 ఆగస్టు 29. మదురైలో పదహారేళ్ల కుర్రాడొకడు బెయిన్ రాసిన ఇంగ్లిషు వ్యాకరణంలోని పాఠాన్ని మూడుసార్లు ఎత్తిరాయాలి. బడిలో పడ్డ శిక్ష అది. రెండుసార్లు రాశాడు. మూడోసారికి కాగితాలు పక్కకు తోసేసి కళ్లు మూసుకు కూర్చున్నాడు. చూస్తున్న అన్నకు చిరాకేసింది. ఇలా కూర్చునేవాడికి ఈ చదువూ ఈ ఇల్లూ దేనికని దెప్పాడు. నిజమే కదా అనిపించింది తమ్ముడికి. అన్న కాలేజీ ఫీజుకోసం ఇమ్మన్న ఐదు రూపాయల్లో మూడు తీసుకుని, రెండు చీటీతో పాటు వదిలేసి, రైలెక్కాడు. సెప్టెంబరు 1న అరుణాచలం చేరాడు. తర్వాత లోకం ఆయన్ను రమణ మహర్షి అంది.

ఆ జులైలోనే ఆయనకు మృత్యుభయం పట్టుకుని, ఆ భయంలోంచే ‘నేను’ అంటే ఏమిటో తెలిసిపోయింది. అంతకుముందు భక్తి పుస్తకాల్లో ఆయన మనసు పట్టింది తమిళ పెరియ పురాణం. అరవైముగ్గురు శివభక్తుల కథలవి. అనుభవం కలిగాక మీనాక్షి గుడికి వెళ్లి ఆ భక్తుల విగ్రహాల ముందే నిలబడేవాడు. అద్వైతం, బ్రహ్మం, సమాధి లాంటి మాటలు అప్పటికి ఆయనకు తెలియవు. జరిగింది ముందు, దాని పేరు తర్వాత.

ఇప్పుడు మనవాళ్లలో ఇలాంటిది కొద్దిగానో గొప్పగానో జరిగినవాళ్లకు వరస తిరగబడింది. గిరి ప్రదక్షిణలో పద్నాలుగు కిలోమీటర్లు నడుస్తుండగానో, అమ్మ పోయిన నెలలోనో, ఏ కారణమూ లేకుండా బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉండగానో లోపల ఏదో విడిపోతుంది. మర్నాడే వెతుకులాట మొదలు. నాకేమైంది? ఏ పుస్తకంలో ఉంది? కొందరు పది పుస్తకాలు ఒకేసారి తెప్పించుకుని ఉపనిషత్తుల నుంచి ఓషో దాకా ఒక్క నెలలో తిరగేస్తారు. కొందరు పుస్తకమంటేనే మైల అనుకుంటారు. మొదటివాళ్లు జరిగినదాన్ని చదువు కింద పూడ్చేస్తారని నా భయం. రెండోవాళ్లు, తమకు జరిగింది లోకంలో ఇంకెవరికీ జరగలేదనుకునే ప్రమాదంలో పడతారు.

రమణుడు మధ్యలో ఎలా నడిచాడో చూడాలి. అరుణాచలంలో తొలి ఏళ్లు ఆయన మౌనంగా ఉన్నాడు. సేవ చేసిన పళనిస్వామి మలయాళీ. వేదాంతం తెలుసుకోవాలని తమిళ గ్రంథాలు ఎక్కడినుంచో తెచ్చుకునేవాడు గానీ, తమిళం చదవడం ఆయనకు కష్టం. ఆ అవస్థ చూడలేక రమణుడు ఆ పుస్తకాలు తానే చదివి సారం చెప్పేవాడు. కైవల్య నవనీతం, వివేకచూడామణి, యోగవాసిష్ఠం అలా చేతికొచ్చినవే. తనకోసం చదవలేదు, పక్కవాడికోసం చదివాడు. చదువుతూంటే తనకు తెలిసినదాన్నే ఈ పెద్దలు విడమరిచి చెప్పారని గుర్తుపట్టాడు.

1900 తర్వాత గంభీరం శేషయ్య అనే మునిసిపల్ ఓవర్సీరు వివేకానందుడి యోగోపన్యాసాలు తెచ్చి సందేహాలడిగితే, చీటీల మీద జవాబులు రాసిచ్చాడు. శివప్రకాశం పిళ్లై అడిగిన ప్రశ్నలకు ఇచ్చిన జవాబులే ‘నేనెవరు?’ అనే చిన్న పుస్తకమయ్యాయి. శాస్త్రాలన్నీ చివరికి మనసును అణచమనే చెబుతాయని, అది తెలిశాక ఎడతెగకుండా చదవడం వృథా అని, చదివిందంతా ఒకనాటికి మరిచిపోవాల్సి వస్తుందని అందులో ఉంది. పుస్తకాన్ని కాదనడానికి కూడా పుస్తకమే కావాల్సి వచ్చింది మరి!

ఇంకో కొసన కావ్యకంఠ గణపతి ముని ఉన్నారు. బొబ్బిలి దగ్గర కలువరాయిలో పుట్టిన పండితుడు. నవద్వీపంలో ఆశుకవిత్వం చెప్పి బిరుదు తెచ్చుకున్న మనిషి. చదవాల్సినదంతా చదివి, చేయాల్సిన జపమంతా చేసి, 1907 నవంబరు 18న కొండెక్కి యువకుడైన రమణుడి కాళ్ల మీద పడ్డారు. తపస్సంటే ఏమిటో ఇంకా బోధపడలేదన్నారు. ‘భగవాన్ శ్రీ రమణ మహర్షి’ అన్న పేరు పెట్టింది ఆయనే. పండితుడు తన పుస్తకాలు పారేసి వెళ్లలేదు. ఆ తర్వాత కూడా సంస్కృతంలో రాస్తూనే ఉన్నారు, రమణగీత సహా.

పుస్తకం ప్రాణం నిలబెట్టిన సందర్భమూ ఉంది. గోపీకృష్ణ కశ్మీరీ పండితుడు, సర్కారు గుమస్తా. 1937 డిసెంబరులో జమ్మూలో ధ్యానం చేస్తూంటే వెన్నులోంచి వెలుగు ఉవ్వెత్తున లేచింది. తర్వాత వచ్చింది ఆనందం కాదు. నిద్ర లేదు, తిండి సహించదు, ఒళ్లంతా మంట. కుండలిని సుషుమ్నా నాడిలో కాక పింగళలో లేస్తే ఇలా అవుతుందని ఎప్పుడో చదివింది, చావు అంచున గుర్తొచ్చింది. మనసును ఎడమవైపు ఇడా నాడి మీద నిలిపితే మంట తగ్గిందని తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ వివరణ ఎంతవరకు నిజమో వాదించుకోవచ్చు. ఆ క్షణంలో అతన్ని నిలబెట్టింది మాత్రం పాత చదువులోంచి మిగిలిన ఆ ఒక్క ముక్కే.

మన నేల మీద పుట్టిన ఇద్దరు కృష్ణమూర్తుల దారి వేరు. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి పేరుతో ఆయన చిన్నతనంలోనే, 1910లో ‘ఎట్ ద ఫీట్ ఆఫ్ ద మాస్టర్’ అచ్చయింది. 1922లో కాలిఫోర్నియాలోని ఓహాయ్‌లో పెప్పర్ చెట్టు కింద గొప్ప అనుభవం కలిగింది. 1929లో తనను జగద్గురువుగా నిలబెట్టిన సంస్థను తానే రద్దు చేశాడు. ఆ తర్వాత ఆయన ఇష్టపడి చదివినవాటిలో డిటెక్టివ్ నవలలు, పి.జి. ఉడ్‌హౌస్ హాస్యం ఉన్నాయి. మతగ్రంథాలు చదవలేదని చెప్పుకునేవాడు. నాకైతే ఇది చాలా ఊరట కలిగించే సంగతి. మెలకువ వచ్చినవాడు గంభీరంగానే చదవాలని ఎవరన్నారు? నవ్వొచ్చే పుస్తకం కాళ్లను నేల మీద ఉంచుతుంది.

యు.జి. కృష్ణమూర్తి మచిలీపట్నంలో పుట్టి, గుడివాడలో తాతగారింట దివ్యజ్ఞాన సమాజం గాలిలో పెరిగాడు. 1967లో స్విట్జర్లాండులో జరిగినదాన్ని జ్ఞానోదయం అనలేదు, ఉపద్రవం అన్నాడు. గ్రంథాలను, గురువులను కలిపి తిట్టాడు. తన మాటలతో వచ్చిన పుస్తకాలకు కాపీరైటు కూడా వద్దన్నాడు. పుస్తకాలు నమ్మొద్దనే ఆయన పుస్తకాలను మనవాళ్లు అండర్‌లైన్ చేసుకుని మరీ చదువుతారు.

ఇంతకీ చేతిలోకి ఏది తీసుకోవాలి? సిద్ధాంతం కన్నా జీవితచరిత్ర ముందు. అనుభవం తర్వాత మనిషి ఏం తిన్నాడు, ఎవరితో తగువు పడ్డాడు, డబ్బెలా వచ్చింది అన్నది సిద్ధాంతగ్రంథం చెప్పదు. రమణుడు తెల్లవారకముందే ఆశ్రమ వంటింట్లో కూర్చుని కూరలు తరిగేవాడన్న వివరం, వంద పేజీల నిర్వికల్ప సమాధి వర్ణన కన్నా ఎక్కువ ధైర్యమిస్తుంది. అనుభవానికి మెట్లు కట్టి, మీరెన్నో మెట్టులో ఉన్నారో చెబుతానన్న పుస్తకాన్ని మాత్రం కొనకండి. కొత్తగా కళ్లు తెరిచినవాడికి పక్కవాడితో పోల్చుకోవడమే పెద్ద వ్యసనం.

తనలాంటివాళ్లు ఎన్ని రకాలో తెలియాలంటే విలియం జేమ్స్ 1902లో ప్రచురించిన ‘ద వెరైటీస్ ఆఫ్ రిలిజియస్ ఎక్స్‌పీరియన్స్’ ఉంది. ఎడిన్‌బరో ఉపన్యాసాలవి. నమ్మమనడు, ఎగతాళి చెయ్యడు. జాక్ కార్న్‌ఫీల్డ్ 2000లో తెచ్చిన పుస్తకం పేరులోనే పరమానందం తర్వాత బట్టలుతుక్కోవడం ఉంది. ఇంగ్లిషు వద్దనుకుంటే రామకృష్ణ కథామృతం తెలుగులో దొరుకుతుంది. అందులో పరమహంస చెప్పిన ఉత్తరం కథ ఈ విషయానికి అతికినట్టుంటుంది. ఊరినుంచి వచ్చిన ఉత్తరం ఎక్కడో పడిపోతే ఇంటిల్లిపాదీ వెతుకుతారు. దొరికాక చూస్తే ఐదు సేర్ల సందేశ్ మిఠాయి, ఒక బట్ట పంపమని ఉంటుంది. ఇక ఉత్తరంతో పనిలేదు, బజారుకు వెళ్లాలి.

ఒక హెచ్చరిక కూడా. నాలుగు రాత్రులు నిద్ర లేకుండా, తిండి మాని, తానే అవతారమని మాట్లాడే మనిషికి పుస్తకం ఇవ్వకండి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. స్టానిస్లావ్, క్రిస్టినా గ్రోఫ్ దంపతులు ఆధ్యాత్మిక సంక్షోభం మీద 1989లో ఒక సంకలనమే తెచ్చారు. అది కూడా ఆ మనిషి కోసం కాదు, కుదురుగా ఉన్న ఇంట్లోవాళ్లు చదువుకోవడానికి పనికొస్తుంది.

ఒక్కటే కొంటాం, అదేదో చెప్పండి అంటే సూరి నాగమ్మ ‘శ్రీ రమణాశ్రమ లేఖలు’ అంటాను. కొలనుకొండలో పుట్టి, చిన్నవయసులోనే భర్తను పోగొట్టుకుని, బడికి వెళ్లకుండా సొంతంగా చదువు నేర్చుకున్న మనిషి. 1945 నుంచి 1950 దాకా ఆశ్రమంలో రోజూ జరిగేది అన్నగారికి తెలుగులో ఉత్తరాలుగా రాసింది. తత్త్వం ఎక్కడో ఒక మూల ఉంటుంది. మిగతా అంతా ఆవు, కోతులు, వడియాలు, వచ్చేపోయే జనం, భగవాన్ విసుర్లు, నవ్వులు. ఎక్కడ తెరిచినా మొదలే కాబట్టి ముందునుంచి చదవాలన్న నియమం లేదు. రోజుకొక ఉత్తరం చదివి మూసేయండి. రెండోది మర్నాటికి ఉంచుకోండి.