దూడకు వేయు గుర్తు

మన పాఠశాలకు వచ్చు త్రోవలో కట్టివేయబడిన ఏ ఆవునైనను, ఏ దూడనైనను చూడుడు. దాని చెవికి ఒక పసుపుపచ్చని బిళ్ల కనబడును. దానిపై 12 అంకెలు ముద్రింపబడియుండును. "అయ్యా, ఆ బిళ్ల యెందుకు?" అని ఎనిమిదవ తరగతి బాలిక యొకతె ఒకనాడు నన్నడిగినది. "దూడ తప్పిపోకుండుటకమ్మా" అని నేను చెప్పితిని. ఆమెకు తృప్తి కలుగలేదు. "దూడ తన తల్లిని తానే యెరుగును గదా! మరి ఆ గుర్తు ఎవరికి?" అని మరల అడిగినది. ఆనాడు గంట మ్రోగినందున నేను తప్పించుకొంటిని. ఆ ప్రశ్నకు సమాధానమే ఈ వ్యాసము.

విద్యార్థులారా! పశువులకును మనకును గల సంబంధము నేటిది కాదు. మన పూర్వులు విజయనగర రాజుల కాలమునను, తరువాత మధుర నాయకుల కాలమునను ఈ సీమకు వచ్చిరి. వారిలో సేనలతో వచ్చినవారు కలరు. సేద్యమునకై వచ్చినవారు కలరు. మందలను తోలుకొని వచ్చినవారును కలరు. తమ పెద్దలు ఆవులమందలతో ఉత్తరదేశమునుండి వచ్చిరని రాజకంబళం నాయకులు నేటికిని చెప్పుకొందురు. వారి కులసభలలో నేలపై కంబళి పరచి, దానిమీద వేపాకులుంచిన నీటికలశమును నిలుపు ఆచారమును ఎడ్గార్ థర్స్టన్ 1909లో ప్రకటించిన తన గ్రంథమునందు వర్ణించి, కంబళమను పేరును ఆ కంబళితోడనే ముడిపెట్టెను. ఎండకు, వానకు, చలికి కాపరికి తోడుగా నుండునది కంబళియే గదా!

ఉడుమలైపేట చేరువనున్న సోమవారపట్టిలో ఆల్‌కొండమాల్ దేవుని గుడి కలదు. పొంగలి పండుగనాడు పుట్టిన దూడను ఆ దేవునికి అర్పించు ఆచారము ఆ ప్రాంతమున నున్నది. అట్టి దూడ పెరిగి 'సలగెరుదు' అగును. ఉరుము వాద్యము మ్రోగుచుండగా, వెదురుకఱ్ఱలు పట్టినవారి యెదుట అది ఆడును. మందలో ఇది దేవుని దూడ, ఇది మన దూడ అని వేరుచేసి తెలిసికొనవలసిన అవసరము ఇట్టి ఆచారములలోనే కలదు.

ఇక మందలు గల దొడ్డిలో ఒక దినము ఎట్లు గడచునో చూతము. మన కోయంబత్తూరు సీమకు సొంతమైన జాతి కాంగేయము. కాంగేయము, ధారాపురము, పెరుందురై ప్రాంతములు దానికి పుట్టినిండ్లు. ఇవి పూర్వము కోయంబత్తూరు జిల్లాలోనివి. 1979లో ఈరోడు, 2009లో తిరుప్పూరు జిల్లాలు ఏర్పడగా ఆ రెండింటిలో చేరినవి. ఈ జాతి అభివృద్ధికి పళయకోట పట్టగారు నల్లతంబి సర్కరై మన్రాడియారు చేసిన కృషి ప్రసిద్ధము. ఇది పాడికంటె పనికి పేరుపొందిన జాతి. యంత్రములు రాకమునుపు లోతైన బావులనుండి కపిలెలతో నీరు తోడినవి ఈ యెద్దులే.

దొడ్డిలో పని తెల్లవారకమునుపే ఆరంభమగును. మొదట పేడ యెత్తి, నేల యూడ్చి, గాడిలో జొన్నచొప్ప వేయుదురు. తరువాత పాలు పిదుకుట. దూడను తలుగు విప్పి విడువగా అది పరుగెత్తి పొదుగును కుమ్మును. అప్పుడు ఆవు చేపును. చేపిన పిదప దూడను లాగి తల్లి ముందట కట్టి పాలు పిదుకుదురు. ఒక చన్ను దూడకు విడుతురు.

ఇచ్చట ఒక మాట చెప్పవలెను. నేను పొరుగున నున్న ఆంధ్రప్రదేశములో ఉపాధ్యాయ శిక్షణ పొందితిని. 'చేపు' అను క్రియను నేను నేర్చినది నిఘంటువునుండి. దాని యర్థము చెప్పుడని తరగతిలో అడిగినపుడు, వ్రాతలో తప్పులు లేక ఒక వాక్యమైనను వ్రాయలేని బాలుడొకడు లేచి, "మా అవ్వ ఆవు నిమిరితే చేపుతుందండీ, నేను నిమిరితే చేపదు" అనెను. నిఘంటువులో లేని అర్థము అతని మాటలో నున్నది. ఆవు తన యిష్టము మీదనే పాలు విడుచును. అది నమ్మిన చేతికే చేపును. ఆనాడు నేను శిష్యుడను, అతడు గురువు.

పాలు పిదికిన పిదప పశువులను మేతకు విడుతురు. కాంగేయ సీమలో మేతభూమిని 'కొఱంగాడు' అందురు. చుట్టును కిలువ చెట్ల ముళ్లకంచె. లోపల కొళుక్కట్టై గడ్డి. నడుమనడుమ తెల్లతుమ్మ చెట్లు. ఆ చెట్ల నీడ పశువులకు విశ్రాంతి, రాలిన కాయలు వానికి మేత. కంచె గట్టిగా నున్నందున కాపరి వెంట నిలువకున్నను పశువులు మేయగలవు. ఆ సమయమున కాపరికి వేరుపనులు కలవు: తొట్టి నింపుట, పలుపులు పేనుట, కంచెలో సందు పడినచోట ముండ్లు కప్పుట, పిడుదులు ఏరుట, పత్తిగింజలు నానబెట్టి రుబ్బుట, ఈనిన ఆవుకు మాయ పడినదో లేదో చూచుట.

ఇట్టి దినములలో అన్నిటికంటె సందడి గల దినము దూడలకు ముద్రలు వేయు దినము. ఎండ ముదురకమునుపే ఆ పని ముగింపవలెను. వానకాలమున చేయరాదు, తడిసిన వెండ్రుకపై ముద్ర సరిగా పడదు, పుండుపై ఈగలు ముసరి పురుగులు పడును. దూడలను తల్లులనుండి వేరుచేసి, ఒక్కొక్కదానిని ఇసుకపై మెల్లగా పడవేసి కాళ్లు కట్టుదురు. ఒకడు తల పట్టును, ఒకడు కాళ్లు పట్టును, మూడవవాడు ముద్ర వేయును. ఇనుము నల్లగా నున్నచో వేడి చాలదు. ఎఱ్ఱగా కాలినచో వెండ్రుక మండి గాయము లోతగును. బూడిదవన్నె తిరిగినపుడే అది సరియైన వేడి. తొడపై నానించి మూడు నాలుగు లెక్కించులోపల తీయవలెను. చర్మము జీనుతోలు వన్నెకు మారినచో ముద్ర నిలిచినట్లే. పిదప నూనె పూసి కట్లు విప్పగా దూడ తల్లికడకు పరుగెత్తును. అంతవరకును తల్లులు కంచె యావల నిలిచి అంగలార్చుచుండును. ఆ యరపులు విన్నవానికి ఆ దినము మరపునకు రాదు.

ఇంత బాధ పెట్టుటకు బదులు దూడ రంగు వ్రాసికొనిన చాలదా యని మీరడుగవచ్చును. కాంగేయ జాతియే దీనికి సమాధానము చెప్పును. ఈ జాతి దూడ పుట్టినపుడు ఎఱ్ఱనిది. ఆరు నెలలు నిండునప్పటికి బూడిదవన్నె తిరుగును. కోడె యగునప్పటికి మూపురము, ముందు వెనుక భాగములు నల్లబారును. "ఎఱ్ఱ దూడ ఒకటి" అని చిట్టాలో వ్రాసికొనినవాడు మరుసటి యేడు ఆ దూడను ఏ రంగులో వెదకును? పుట్టుకతో వచ్చిన రంగు మారును; మనము పెట్టిన గుర్తు మారదు.

ఈ సంగతి మన ప్రాచీనులు బాగుగ నెరుగుదురు. పాణిని వ్యాకరణసూత్రమొకటి పశువుల చెవులపై వేయు గుర్తులను పేర్కొనును. వానిలో స్వస్తికము, స్రువము, మణి మొదలగునవి కలవు. భారతమున ఘోషయాత్ర కథ మీరెరుగుదురు. దుర్యోధనుడు ద్వైతవనమునకు పోవుటకు చెప్పిన నెపము ఆలమందలను లెక్కించి దూడలకు గుర్తులు వేయించుటయే. పాండవుల దైన్యమును చూచి నవ్వవలెనని పోయినవాడు గంధర్వులకు చిక్కి, ఆ పాండవులచేతనే విడిపింపబడెను. నెపము పేలవమైనచో పెద్దలు నమ్మరు గదా! రాజులు స్వయముగా పోయి చేయించు ఘనమైన పనిగా వత్సాంకనము నాడు ఎంచబడినదని దీనివలన తెలియుచున్నది.

కౌటిల్యుడు అర్థశాస్త్రమున గోవుల అధ్యక్షునికి ప్రత్యేకముగా ఒక ప్రకరణము వ్రాసెను. పుట్టిన ఒకటి రెండు నెలలకు దూడకు ముద్ర వేయవలెను. ఆ ముద్రను, పుట్టుకతో వచ్చిన చిహ్నమును, రంగును, కొమ్ముల తీరును లెక్కపుస్తకమున కెక్కింపవలెను. రంగు ఒక్కటియే చాలదని ఆయన యెరిగినందువలననే నాలుగింటిని చెప్పెను. ఆ ప్రకరణముననే ఇంకొక విశేషము కలదు. దొంగ తోలుకొనిపోయినది, వేఱొక మందలో కలిసినది, కంటికి కానరాక పోయినది 'నష్టము'. బురదలో దిగబడియో, రోగముచేతనో, ముసలితనముచేతనో చచ్చినది 'వినష్టము'. అనగా నష్టమైనదానిని వెదకవచ్చును, వినష్టమైనది తిరిగిరాదు. వెదకుటకు వలయునది గుర్తు.

ఈ న్యాయము మన దేశమునకే పరిమితము కాదు. అమెరికాలోని టెక్సాసు మైదానములలో కంచెలు లేని కాలమున అందరి మందలును కలిసి మేసెడివి. వసంతమున వానిని ప్రోగుచేసి దూడలకు ముద్రలు వేసెడివారు. సామ్యుయెల్ మావెరిక్ అను న్యాయవాది తన పశువులకు ముద్రలు వేయింపలేదు. ముద్ర లేని దూడ కనబడినపుడు జనులు దానిని 'మావెరిక్' అనజొచ్చిరి. ఆయన 1870లో మరణించెను గాని, ఏ గుంపునకును చెందనివానికి ఆంగ్లమున ఆ పేరు నేటికిని నిలిచినది.

అయినను కాల్చిన ఇనుము దూడకు బాధాకరమే. అంతేకాక తోలుపై మచ్చ పడి దాని వెలయు తగ్గును. 1960 సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము ముద్ర వేయుటను పూర్తిగా నిషేధింపలేదు. నిర్ణయింపబడిన పద్ధతిలో చేయు ముద్రనే నేరము కాదనినది. 1966 ప్రాంతమున అమెరికాలో కీత్ ఫారెల్ అను పశువైద్యుడు చల్లని ముద్రను కనిపెట్టెను. సున్నకు దిగువ 196 డిగ్రీల చల్లదనము గల ద్రవనత్రజనిలో ముంచిన లోహమును ఆనించినచో వెండ్రుకకు రంగునిచ్చు కణములు నశించి, ఆ చోట తెల్లవెండ్రుక మొలచును. నల్లపశువుపై ఇది చక్కగా కనబడును. మన కాంగేయపు తెల్లావుపై తెల్లవెండ్రుక కనబడునా? ఒక దేశమున మంచిదైన పద్ధతి వేఱొక దేశమున అట్లే పనికిరాదనుటకు ఇది చక్కని నిదర్శనము.

కావుననే మన దేశమున నేడు చెవిబిళ్ల వ్యాప్తికి వచ్చినది. చెవిలోని రెండు నరముల నడుమ, నెత్తురు తక్కువగానున్న చోట దానిని గ్రుచ్చుదురు. నొప్పి క్షణకాలము మాత్రమే. 2019లో ఆరంభమైన గాలికుంటు వ్యాధి నివారణ కార్యక్రమములో వేసిన టీకాలు ఆ 12 అంకెల క్రిందనే నమోదగుచున్నవి. ఆ బిళ్ల దూడ యెవరిదో చెప్పుటతో ఆగదు. దానికి ఎప్పుడు టీకా వేసిరో, ఎవరు సాకుచున్నారో కూడ చెప్పును.

ఇప్పుడు ఆ బాలిక ప్రశ్నకు సమాధానము చెప్పగలను. గుర్తు దూడకొరకు కాదమ్మా, మనకొరకు. "ఇది నాది" అని చెప్పుటకు మాత్రమే కాదు. "దీనికి నేను పూచీ" అని ఒప్పుకొనుటకు. రోగము వచ్చినను, పరుల చేలో పడినను, తప్పిపోయినను బదులు చెప్పవలసినవాడు ఎవడో ఆ గుర్తు చెప్పును. గుర్తు వేసినవాడు దూడకు కట్టుబడినాడు.

కడపట ఒక మాట. తలుగు, పలుపు, గాడి, కుడితి, చిక్కము, చేపుట, పెయ్య, కోడె, జున్ను - ఈ మాటలలో మీరు ఎన్నింటి నెరుగుదురు? మన యిండ్లలో అవ్వలు వీనిని నేటికిని పలుకుచున్నారు. బడి పుస్తకములలో అవి అరుదు. మన యూళ్ల తెలుగు ఇతర భాషల నడుమ మేయుచున్న మందవంటిది. అందులో కొన్ని మాటలు వేఱొక మందలో కలిసినవి. కొన్ని కంటికి కానరాకున్నవి. కౌటిల్యుని లెక్క ప్రకారము అవి నష్టములే గాని వినష్టములు కావు, వెదకినచో దొరకును.

కావున సెలవులలో మీకు నేనిచ్చు పని ఇది. ఇంటిలోని పెద్దల కడ కూర్చుండి, దొడ్డిపనికి సంబంధించిన మాటలను ఇరువదింటిని అడిగి, అర్థముతో సహా నోటుపుస్తకమున వ్రాసికొనిరండు. తప్పులు దిద్దుట నా పని. చెప్పినవారి పేరును, ఊరును ప్రక్కన వ్రాయుట మరువకుడు. ఆ మాటకు అదియే గుర్తు.