సముద్రపు గుర్రానికి అద్దాల ఇల్లు

తల గుర్రానిది. తోక కోతిది. పొట్టకున్న సంచి కంగారూది. ఇన్ని పోలికలున్నా సముద్రపు గుర్రం చేపే. మొప్పలతోనే ఊపిరి పీలుస్తుంది. నిటారుగా నిలబడి ఈదుతుంది. ఆడది గుడ్లను మగదాని సంచిలో పెడుతుంది. మోసి, పిల్లలను కనేది మగదే!

మన బంగాళాఖాతంలోనూ ఇవి వున్నాయి. వలలో ఒకటి ప్రాణంతో చిక్కితే ఇంటికి తెచ్చి పెంచుదామని ఎవరికైనా ముచ్చట వేస్తుంది. రంగు చేపలు బతికే తొట్టిలో ఇదెందుకు బతకదని అనిపిస్తుంది. దీనికి ఎటువంటి తొట్టి కావాలో తెలిస్తే ఆ ముచ్చట సగం తీరిపోతుంది.

అమెరికాలో వీటిని ఇళ్ళలో పెంచేవారు వున్నారు. అక్కడ హవాయి దీవిలోని కోనాలో 1998లో ఓషన్ రైడర్ అనే పెంపక కేంద్రం వెలసింది. తొట్లలోనే పుట్టించిన పిల్లలకు గడ్డకట్టించిన చిన్న రొయ్యలు తినడం అలవాటు చేసి అమ్ముతారు. సముద్రంలో పట్టినది సాధారణంగా ప్రాణమున్న మేతనే వెతుక్కుంటుంది. చచ్చిన రొయ్యను తాకకుండా పస్తుండి చిక్కిపోతుంది.

ఒక జతకు సుమారు 110 లీటర్ల తొట్టి అవసరం. వెడల్పు కంటె ఎత్తు ముఖ్యం. తోక చాచిన గుర్రం పొడవుకు కనీసం మూడు రెట్లు నీటి లోతు వుండాలి. కారణం లేకపోలేదు. జత కట్టే వేళ రెండూ కలిసి నీటిలో పైకి లేస్తాయి. గుడ్లు మగదాని సంచిలోకి చేరేది అప్పుడే. లోతు చాలకపోతే గుడ్లు నేలపాలవుతాయి.

ఉప్పునీరు పోయగానే చేపను వదలరాదు. చేప విసర్జించే అమ్మోనియా దానికే విషం. ఆ విషాన్ని విరిచే సూక్ష్మజీవులు వడపోత సామగ్రిలో పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు తొట్టిలో గుర్రం వుండరాదు. ఇక్కడ తొందరపడినవారే ఎక్కువగా నష్టపోతారు.

నీటి వేడి 21 నుంచి 23 డిగ్రీల సెంటిగ్రేడు మధ్య వుంచుతారు. వెచ్చని సముద్రాల్లో తిరిగే జాతులకు కూడా తొట్టిలో ఇదే మంచిది. మూసివున్న నీరు వేడెక్కితే రోగక్రిములు పేట్రేగుతాయి. మన వేసవిలో ఇది జరగాలంటే నీటిని చల్లబరిచే యంత్రం రేయింబవళ్ళు ఆడాలి. కరెంటు పోయిందంటే ఇక ఆ చేప గతి చెప్పనక్కర లేదు.

దీనికి జీర్ణాశయం లేదు, పళ్ళూ లేవు. గొట్టం వంటి మూతితో మేతను పీల్చి మింగుతుంది. తిన్నది త్వరగా బయటికి పోతుంది. కనుక రోజుకు రెండు మూడు సార్లు మేత వేయాలి. మిగిలిన దానిని వెంటనే తీసివేయాలి. ఈత అంతంత మాత్రం గనుక నీటి ప్రవాహం మెల్లగా వుండాలి. తోక చుట్టుకోవడానికి నాచు మొక్కలో, కృత్రిమ కొమ్మలో కావాలి. నీటిని వెచ్చబరిచే కడ్డీ వుంటే దానికీ తోక చుట్టి కాల్చుకుంటుంది, తడిక కట్టాలి. చురుకైన చేపలను తోడు వేస్తే మేతంతా అవే కాజేస్తాయి. పీతలు, కుట్టే పగడాలు అసలే కూడదు.

ఇంత ఏర్పాటు చేయగలిగినా మన దేశంలో దీనిని పట్టి పెంచడం కుదరదు. చైనా వైద్యానికని ఎండబెట్టి లెక్కలేనన్ని ఎగుమతి అవుతుండగా 2001లో సముద్రపు గుర్రాలను వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందకు తెచ్చారు. పట్టడం, అమ్మడం నేరం. ఎండినవి దాచుకున్నా చిక్కే. 2004 నుంచి అంతర్జాతీయ వ్యాపారంపైనా ఆంక్షలు అమలులోకి వచ్చాయి.

వలలో ప్రాణంతో కనిపిస్తే ఒడ్డుదాకా తేవద్దు. తోక వల తాడును గట్టిగా పట్టుకుని వుంటుంది, లాగితే తెగుతుంది. తడిచేత్తో మెల్లగా విడదీసి, పట్టిన చోటనే నీటిలో వదలాలి.