ట్రక్కు లాగే ట్రాక్టరు - ఇంజను అరుగుదల



చెరకు నరుకుడు మొదలైతేనేమి, ధాన్యం మిల్లుకు తోలే రోజులైతేనేమి, మన ట్రాక్టరు దుక్కిలో కంటే రోడ్డు మీదనే ఎక్కువ గంటలు నడుస్తుంది. వెనక ట్రక్కు నిండా బరువు. తెలంగాణా వైపు దీన్నే ట్రాలీ అంటారు, పేరేదైనా లాగేది ఒకటే. ఆ రోజుల్లో చాలా ఇండ్లలో తండ్రీకొడుకుల మధ్య ఒక తగాదా వినబడుతుంది. "ఒరే, అంత రైజు చేయకురా, ఇంజను అరిగిపోతుంది" అంటాడు తండ్రి. "తక్కువ స్పీడులో పోతే లాగలేక మూలుగుతుంది నాన్నా, చెరుపు దానివల్లనే" అంటాడు కొడుకు. ఎవరి మాట నిజం? ఇద్దరి మాటలోనూ చెరిసగం నిజం ఉన్నది. ఏ సగం ఎప్పుడు పనికివస్తుందో తెలియకపోతే మాత్రం బ్యాంకు అప్పు తీరకముందే ఇంజను బోరుకు వస్తుంది.

ముందు తండ్రి మాట చూద్దాం. మన ట్రాక్టర్లలో చాలావాటికి ఇంజను నిర్ణీత వేగం నిమిషానికి 2000, 2200 చుట్ల ప్రాంతంలో ఉంటుంది. ఒక్క చుట్టుకు పిస్టను ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోతుంది. దాని నడక సుమారు 11 సెంటీమీటర్లు అనుకుంటే చుట్టుకు 22 సెంటీమీటర్లు. 2000 చుట్లకు నిమిషంలో 440 మీటర్లు, గంటలో 26 కిలోమీటర్ల పైచిలుకు! అంటే రోడ్డు మీద మీ ట్రాక్టరు ఎంత దూరం పోతున్నదో, సిలిండరు లోపల పిస్టను కూడా ఇంచుమించు అంత దూరం గోడను రాసుకుంటూ పోతున్నదన్నమాట. అదీగాక, పైకి పోయే పిస్టనును ఆపి, తిరిగి కిందికి లాగేటప్పుడు కనెక్టింగు రాడ్డు మీద పడే గుంజుడు చుట్లు పెరిగినంతే పెరగదు, అంతకు మించి పెరుగుతుంది. 1500 చుట్ల నుంచి 2000కు పోతే చుట్లు మూడోవంతు పెరుగుతాయి, ఆ గుంజుడు మాత్రం ఒకటీ ముప్పావు రెట్లవుతుంది.

అయితే భయపడనక్కరలేదు. నిర్ణీత వేగాన్ని తట్టుకునేటట్లే ఇంజను చేశారు. గవర్నరు సరిగా ఉన్నంతవరకు యాక్సిలేటరు ఎంత తొక్కినా దాని బలంతో ఇంజను ఆ హద్దు దాటి పెద్దగా పోదు. ప్రమాదమల్లా కొందరు మెకానిక్కుల చేత పంపు మీది సీలు తెంపించి స్పీడు పెంచుకునే వారికి. 2000 దగ్గర ఆగవలసిన ఇంజనును 2500కు తీసుకుపోతే గుంజుడు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. వాల్వు స్ప్రింగులు వేళకు వాల్వులను మూయలేవు, వాల్వు వచ్చి పిస్టనుకు కొడుతుంది. రోజుకు ఒక ట్రిప్పు ఎక్కువ వస్తుందని చేసే ఈ పనికి ఒక్కోసారి ఇంజను దిమ్మనే మార్చవలసి వస్తుంది. ఆ సీలు జోలికి పోకండి.

ఇక కొడుకు మాట. వంతెన ఎక్కుడు వచ్చింది, ట్రక్కు నిండా చెరకు ఉంది, పెద్ద గేరులోనే ఈడుస్తున్నారు. చుట్లు పడిపోతున్నాయి, నల్లపొగ కక్కుతోంది, దడదడ కొడుతోంది. ఇంజను "నావల్ల కాదు" అని చెప్పే తీరు ఇది. ఆ స్థితిలో ప్రతి పేలుడుకూ బేరింగు మీద పడే ఒత్తిడి ఎక్కువ. ఆయిలు పంపు, నీళ్ల పంపు, ఫ్యాను మూడూ ఇంజనుతోనే తిరిగేవి గనుక అవి మందగిస్తాయి. వేడి పుట్టడమేమో జాస్తి, దాన్ని చల్లార్చడమేమో తక్కువ. ఇక్కడ తండ్రి జాగ్రత్తే ఇంజనుకు చేటు. పరీక్ష సులువు: యాక్సిలేటరు మరికాస్త తొక్కి చూడండి. వేగం పుంజుకుంటే సరే. పుంజుకోక పొగ మాత్రమే పెరిగితే చిన్న గేరుకు దిగండి, అదీ ఎక్కుడు మొదలుకాక ముందే.

ఇంజను లాగుడు బలం అన్నిటికంటే ఎక్కువగా ఉండేది నిండు వేగంలో కాదు, దానికంటే తక్కువ చుట్ల దగ్గర. మీ మోడలుకు అది ఎన్ని చుట్లో మధ్యప్రదేశ్‌లోని బుద్నీ పరీక్షా కేంద్రం వారి రిపోర్టులో ఉంటుంది.

ఖాళీ ట్రక్కుతో తిరిగి వచ్చేటప్పుడు సంగతి వేరు. బరువు లేదు, రోడ్డు చదును. ఇక్కడ చిన్న గేరులో నిండా రైజు చేసి తోలడం డీజిలునూ రింగులనూ ఊరకే అరగదీయడమే. గేరు పెంచి, యాక్సిలేటరు తగ్గించండి. ఒక మాట గుర్తుంచుకోండి: అదే గేరులో నెమ్మదిగా పోతే కిలోమీటరుకు తిరిగే చుట్లు తగ్గవు, గుంజుడూ వేడీ తగ్గుతాయి అంతే. చుట్లు తగ్గాలంటే గేరు మారవలసిందే.

ఇక దిగుడు. గవర్నరు డీజిలును ఆపగలదు గాని, వెనకనుంచి నెట్టే ట్రక్కును ఆపలేదు. చక్రాలే ఇంజనును తిప్పితే అది హద్దు దాటిపోతుంది. కాబట్టి ఏ గేరులో ఎక్కగలరో ఆ గేరులోనే దిగండి, వేగం పెరగకముందే బ్రేకు అందుకోండి. న్యూట్రల్లో వదలడం, క్లచ్చి తొక్కి జారడం రెండూ ప్రాణం మీదికి తెచ్చేవే. రోడ్డెక్కే ముందు రెండు బ్రేకు పెడళ్లకూ కొక్కెం తగిలించారా లేదా చూసుకోండి. దుక్కిలో తీసినది అలాగే మరిచిపోవడం మామూలు.

ఇంతా చెప్పి అసలు దొంగను చెప్పకపోతే తప్పవుతుంది. అది దుమ్ము. రెండున్నర లీటర్ల ఇంజను 2000 చుట్ల మీద నిమిషానికి సుమారు 2500 లీటర్ల గాలి పీలుస్తుంది, గంటకు లక్షా యాభై వేల లీటర్లు. ముందు పోయే బండి లేపిన దుమ్ములోంచే ఆ గాలి రావాలి. ఎయిర్ ఫిల్టరు పట్టించుకోకపోతే ఆ ఇసుకే ఆకురాయిలా సిలిండరును గీకుతుంది. ఆయిలు తొట్టి ఉన్న ఫిల్టరైతే మడ్డి తీసి గీత వరకు కొత్త ఆయిలు పోయండి. కాగితం ఫిల్టరును నేలకేసి బాదకండి. గొట్టానికి చిన్న చీలిక ఉన్నా ఫిల్టరు ఉండీ లేనట్లే. నూర్పిళ్ల రోజుల్లో రేడియేటరు జాలికి పట్టిన పొట్టును సాయంత్రం సాయంత్రం దులపండి. ఇంజను నీలిపొగ వదులుతూ ఆయిలు తాగుతోందంటే అరుగుదల రింగుల దాకా వచ్చిందేమో చూపించండి, ఇంకో సీజను లాగుదామనుకోకండి.

మిల్లు దగ్గర ఆగగానే ఇంజను కట్టేయకండి. రెండు మూడు నిమిషాలు చిన్న వేగంలో తిరగనివ్వండి. టర్బో ఉన్న బండికి ఇది మరీ ముఖ్యం.

విస్తరణోద్యోగులకు ఒక మనవి. ఊళ్లో ఇదంతా ఉపన్యాసంగా చెప్పనక్కరలేదు. ఖాళీ ట్రక్కుతో ఒకే ట్రాక్టరును, ఒకే రోడ్డు మీద, ఒకే వేగంతో రెండుసార్లు నడిపించండి: ఒకసారి చిన్న గేరు, ఎక్కువ చుట్లు, ఒకసారి పెద్ద గేరు, తక్కువ చుట్లు. బయలుదేరే ముందు ట్యాంకు మూతి దాకా నింపి, తిరిగి వచ్చాక మళ్లీ మూతి దాకా ఎంత పట్టిందో పదిమంది ముందర కొలవండి. బండి రెండుసార్లూ ఒకే చదును చోట నిలపాలి. లీటరు కొలపాత్ర మీతో తీసుకుపోండి, ఊళ్లో దొరకకపోవచ్చు.