తాళము లేని ఇల్లు

ఐరోపాఖండమున ఉత్తరపు కొననున్న దేశములలో ఫిన్లాండు ఒకటి. ఆ దేశపు నేలలో ఇంచుమించు ముప్పాతిక వంతు అడవియే. చిన్నవియు పెద్దవియు కలిపి సరస్సులు సుమారు 1,88,000 కలవు. వలసిన వస్తువులన్నియు వీపుమూటలో కట్టుకొని, ఆ యడవులలో సరస్సుల యొడ్డున దినముల తరబడి నడచుట యచ్చటివారికి మిక్కిలి ప్రీతి. అడవి యొకరి సొంతమైనను దానిలో నడచుటకు అనుమతి యక్కరలేదు. పండ్లు, పుట్టగొడుగులు ఏరుకొనవచ్చును. అయితే ఇండ్లచెంత గుడారము వేయరాదు. సొంతదారు సమ్మతి లేక నిప్పు రాజేయరాదు.

ఆర్కిటిక్ వృత్తము దాపున, 1956వ సంవత్సరమున ఏర్పడిన ఔలంక జాతీయోద్యానవనము మీదుగా 82 కిలోమీటర్ల కాలిబాట యొకటి పోవుచున్నది. 'ఎలుగుబంటి చుట్టు' అని దాని పేరునకు అర్థము. పైన్ చెట్ల నడుమను, బురదనేలపై పరచిన పలకలమీదను, నదులపై వ్రేలాడు వంతెనలమీదను సాగవలెను. నడివేసవిలో అచ్చట రాత్రియు చీకటి పడదు. ఇది సుఖమని తోచును గాని, ప్రొద్దుపోయినదని తెలియక ఒడలు సొమ్మసిల్లువరకు నడచువారు కలరు. దోమలబాధ వేరు! కలిసి పోవువారు బరువును పంచుకొందురు. గుడారమొకరిది, వంటపాత్ర యొకరిది. జట్టులో అందరికంటె మెల్లగా నడచువాని నడకయే అందరి నడక.

ఇట్టి బాటల ప్రక్కన అక్కడక్కడ దూలములతో కట్టిన చిన్న యిండ్లుండును. వానికి తాళముండదు, కాపరి యుండడు, అద్దె లేదు. లోపల పొయ్యియు పరుండుటకు బల్లలును, చెంతనే కట్టెల కొట్టమును ఉండును. చోటు చాలనప్పుడు కడపట వచ్చినవానికే మొదటి హక్కు. రైలుపెట్టెలో ముందెక్కినవానిదే చోటని యెంచు మనకిది తలక్రిందుగా తోచును. కాని ఆలోచించినచో అందలి న్యాయము తెలియును. ముందు వచ్చినవాడు బట్టలారబెట్టుకొని, వేడిగా భుజించి, విశ్రమించియున్నాడు. వెనుక వచ్చినవాడు వానలో తడిసి వణకుచు వచ్చియుండవచ్చును. చలికాలమున వానిని వెలుపల నిలుపుట ప్రాణములతో చెలగాటము. అందుచే ముందువాడు లేచి, తన గుడారము వెలుపల వేసికొనును. లేదా ముందుకు సాగును. వచ్చినవాడెవడని అడుగవలసిన పని లేదు.

ఉదయమున బయలుదేరువారు ఇల్లు ఊడ్చి, కట్టెలు చీల్చి, రాబోవువారికై పొయ్యికడ పొడిగా పేర్చి పోవుదురు. అచ్చట నొక పుస్తకముండును. అందులో తమ పేరును, తేదియు, ఎటు పోవుచున్నదియు వ్రాయుదురు. ఎవరైనను దారి తప్పినచో, వెదకువారికి ఆ వ్రాత జాడ తెలుపును.