రాచిప్పలో పులుసు... ఎగ్మూరులో శిల్పం

- వంటింట్లో ఒక పూట, మ్యూజియంలో ఒక పూట
- పిల్లల నోట తెలుగు నిలవడానికి రెండు దారులు

చెన్నై: రాచిప్ప అంటే ఏమిటో మీ ఇంట్లో పదేళ్ల పిల్లల్ని అడిగి చూడండి. తెల్లముఖం వేస్తారు. ‘కల్‌చట్టి’ అంటే కొందరైనా గుర్తుపడతారు. గిన్నె అటకెక్కింది, దాంతోపాటే మాటా ఎక్కింది. సన్నికల్లు ‘అమ్మి’ అయింది, కవ్వం ‘మత్తు’ అయింది, పులుసు ‘కుళంబు’ అయింది. తరతరాలుగా ఇక్కడే ఉన్న మనకు తమిళం పరాయిది కాదు. ఆ మాటలూ మనవే. రెండు మాటలు ఉండాల్సిన చోట ఒకటే మిగలడమే బాధ.

2006 నాటి చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం దశలవారీగా తప్పనిసరి అయింది. బడిలో తెలుగు చదివే వీలు లేని పిల్లలకు ఇక ఇల్లే బడి. అక్కడ పుస్తకం పెట్టి కూర్చోబెడితే ఎంతసేపు కూర్చుంటారు? అంతకంటే తేలికైన దారులు రెండున్నాయి. ఒకటి వంటింట్లో, రెండోది ఎగ్మూరులో.

పొయ్యి ఆపినా ఉడుకుతుంది

రాచిప్ప అంటే బలపపు రాయితో తొలిచిన గిన్నె. మైలాపూరు కోనేటి చుట్టుపక్కల పాత్రల అంగళ్లలో ఇప్పటికీ దొరుకుతుంది. కొత్తది తెచ్చి నేరుగా మంట మీద పెడితే పగిలిపోతుంది. ముందు దాన్ని మచ్చిక చేసుకోవాలి. ఆముదం, పసుపు కలిపి లోపలా బయటా పట్టించి ఆరనివ్వాలి. ఆ తర్వాత నాలుగైదు రోజులు వేడి గంజి పోసి ఉంచి, రోజూ మారుస్తుండాలి. అప్పుడే సన్నసెగ మీదకు ఎక్కించాలి. ఖాళీ గిన్నెను పొయ్యి మీద పెట్టకూడదు. వేడిగా ఉన్నప్పుడు చన్నీళ్లు తగలనివ్వకూడదు.

అలా అలవాటైన రాచిప్పలో ముక్కల పులుసు పెట్టి చూడండి. గుమ్మడి, ములక్కాడ, ఉల్లిపాయ ముక్కలు చింతపండు రసంలో ఉడికాక చిన్న బెల్లం ముక్క, నీళ్లలో కలిపిన చెంచాడు బియ్యప్పిండి వేయాలి. కాస్త పలచగా ఉండగానే స్టవ్ ఆపేయాలి. రాయి వేడిని పట్టి ఉంచుతుంది కాబట్టి ఆపిన తర్వాత కూడా పులుసు కాసేపు కుతకుతలాడుతూనే ఉంటుంది. దగ్గరపడేది అప్పుడే. ఇంగువ పోపు ఆఖర్న.

ఎంత పలచగా ఉన్నప్పుడు ఆపాలన్నది నాలుగుసార్లు చూస్తేగానీ తెలియదు. అందుకే పిల్లల్ని పక్కన నిలబెట్టుకోండి. సన్నసెగ, పలచన, దగ్గరపడటం, కుతకుత... ఈ మాటలు పాఠంగా చెబితే పట్టుబడవు. గరిటె చేతికిస్తే వాటంతట అవే వస్తాయి.

‘చచ్చిన కాలేజీ’లో బతికిన బొమ్మలు

ఇక రెండో దారి. పాంథియన్ రోడ్డులోని ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియం 1851లో మొదలైంది. పాతకాలపు మద్రాసు జనం దాన్ని ‘సెత్త కాలేజీ’ అనేవారు. అంటే చచ్చిన కాలేజీ. జంతుప్రదర్శనశాల అయితే ‘ఉయిర్ కాలేజీ’! కానీ అక్కడి అమరావతి శిల్పాల ముందు నిలబడితే ఆ పేరు తప్పనిపిస్తుంది.

1845లో వాల్టర్ ఇలియట్ అమరావతి స్తూపం దగ్గర తవ్వించిన పలకలు మద్రాసు చేరాయి. ఏళ్ల తరబడి ఎండకు ఎండి, వానకు తడిశాయి. 1859లో చాలావరకు ఓడెక్కి లండన్ వెళ్లిపోయాయి. ఇప్పుడవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. తర్వాతి తవ్వకాల్లో దొరికినవాటిలో పెద్ద భాగం మాత్రం ఎగ్మూరులోనే నిలిచిపోయింది. మనలో చాలామంది పెద్దల్లాగే అవీ ఊరు దాటి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాయన్నమాట.

అన్నీ గంటలో చుట్టేసి రావాలనుకోవద్దు. ఒక్క శిల్పం చాలు. ఉదాహరణకు నలగిరి ఏనుగు కథ. గుండ్రటి రాతి పలకలో ఒకవైపు మదమెక్కిన ఏనుగు జనాన్ని తొక్కేస్తుంటుంది. రెండోవైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లుతుంది. పైన కిటికీల్లోంచి జనం చూస్తుంటారు. ‘ఏనుగులు రెండా, ఒకటేనా?’ అని పిల్లల్ని అడగండి. కథ వాళ్లే అల్లుతారు, అదీ తెలుగులో. గాజులు, కడియాలు, తలపాగాలు వెతకమనండి. పువ్వులతో నిండిన కుండ కనిపిస్తే అదే పూర్ణఘటం. 2018లో ఖరారైన ఆంధ్రప్రదేశ్ రాజముద్రలో ఉన్నదీ అమరావతి శైలి పూర్ణఘటమే. ఇంట్లో రాచిప్పను పట్టుకు చూసిన పిల్లలకు రాతిలో తొలిచిన కుండ కొత్తగా అనిపించదు.

మరో ఆదివారం వీలైతే ఇంజంబాక్కంలోని చోళమండలం కళాకారుల గ్రామం చూసి రండి. కె.సి.ఎస్. పణికర్, ఆయన శిష్యులు కలిసి 1966లో దాన్ని నిలబెట్టారు. బొమ్మలు అమ్ముడుపోని రోజుల్లో బాతిక్ లాంటి చేతిపనులే వాళ్లకు ఆధారం. చేతిపని చిన్నది కాదని పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు ఏముంది?

గుర్తుంచుకోండి: ఎగ్మూరు మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఏ విభాగాలు తెరిచి ఉన్నాయో ముందే కనుక్కుని వెళ్తే మంచిది. ఆదివారం పొద్దున్నే పులుసు పెట్టేసి బయల్దేరండి. తిరిగొచ్చేసరికి రాచిప్పలో గోరువెచ్చగా ఉంటుంది.