పిల్లల పేరిట సాయం.. ఎవరింటికి ఎంత?

‘సంక్షేమ పథకాలు అసమానతల్ని తగ్గిస్తాయా?’ గ్రూప్స్ మెయిన్స్‌లోనో, ఇంటర్వ్యూలోనో ఈ ప్రశ్న ఎదురైతే ఏం చెబుతారు? చాలామంది పథకం పేరు, మొదలైన ఏడాది, బడ్జెట్ చెప్పి ఊరుకుంటారు. ఆ డబ్బు ఎవరింటికి ఎక్కువ చేరుతోందో చెప్పగలిగితేనే జవాబుకు బలం. పిల్లలున్న కుటుంబాలకు వేర్వేరు దేశాలు ఇస్తున్న సాయాన్ని పోల్చి చూస్తే ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది.

జర్మనీ: పైకి సమానమే

ఇక్కడ పిల్లల భత్యం పేరు ‘కిండర్‌గెల్డ్’. 2025లో ఒక్కో బిడ్డకు నెలకు 255 యూరోలు. తల్లిదండ్రుల ఆదాయంతో పనిలేదు. అయితే ఆ ఏడాది బిడ్డ పేరిట 9,600 యూరోల పన్ను మినహాయింపు కూడా ఉండేది. రెండింటిలో ఏది లాభమో పన్నుల శాఖే లెక్కగట్టి వర్తింపజేస్తుంది. ఆ లెక్కన 42 శాతం పన్ను కట్టేవారికి మినహాయింపు వల్ల నెలకు 336 యూరోలు మిగిలేవి. తక్కువ జీతగాళ్లకు 255తోనే సరి. ఇక ప్రభుత్వ జీవనభృతి మీద బతికే ఇంట్లో ఆ భత్యాన్ని ఆదాయంగా లెక్కేసి, భృతిలో కోత పెడతారు.

కెనడా, స్వీడన్: రెండు దారులు

కెనడా 2016లో పాత పథకాల స్థానంలో ‘కెనడా చైల్డ్ బెనిఫిట్’ తెచ్చింది. ఆదాయం తక్కువుంటే పూర్తి మొత్తం, పెరిగేకొద్దీ సాయం తగ్గుతూ వస్తుంది. స్వీడన్ మాత్రం అందరికీ ఒకటే అంటుంది, బిడ్డకు నెలకు 1,250 క్రోనార్లు. మరి ధనికులకెందుకు అంటారా? వాల్టర్ కోర్పి, యోకిమ్ పాల్మే అనే స్వీడిష్ పరిశోధకులు 1998లో దీనికో కారణం చెప్పారు. పేదలకే పరిమితమైన పథకానికి మధ్యతరగతి మద్దతు ఉండదు, దాంతో బడ్జెట్ చిక్కిపోతుందని వారి వాదన.

అమెరికా: ఒక్క ఏడాది పాఠం

అమెరికాలో పిల్లల పన్ను రాయితీ ఉన్నా, ఆదాయం లేని కుటుంబాలకు అది అందేది కాదు. 2021లో ఆ షరతు తీసేశారు. మొత్తాన్నీ పెంచి, ఆరేళ్లలోపు బిడ్డకు 3,600 డాలర్లు, ఆపై వయసువారికి 3,000 చేశారు. ప్రభుత్వ అనుబంధ కొలమానం ప్రకారం బాలల పేదరికం 2020లో 9.7 శాతం. 2021లో 5.2కి పడిపోయింది. పెంపును కొనసాగించలేదు. 2022లో మళ్లీ 12.4 శాతానికి చేరింది.

మన దగ్గర..

ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన ‘అమ్మ ఒడి’లో ఎంతమంది పిల్లలున్నా తల్లికి ఒక్కరి చొప్పునే సాయం. 2025లో అమల్లోకి వచ్చిన ‘తల్లికి వందనం’లో చదువుకునే ప్రతి బిడ్డనూ లెక్కలోకి తీసుకున్నారు. దాంతో ఇద్దరు ముగ్గురు పిల్లలున్న ఇంటికి చేరే మొత్తం మారిపోయింది. కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లు దాటితే అనర్హులనే నిబంధన ఉంది. ఒకే మీటరు మీద రెండు కుటుంబాలుంటే? అర్హులు తప్పిపోయే ప్రమాదం ఇలాంటి చోటే ఉంటుంది.

ఏ పథకం చదివినా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇచ్చేది నగదా, పన్ను రాయితీనా? అసలు ఆదాయమే లేనివారికి అందుతుందా? ఏ షరతు దగ్గర ఎవరు జారిపోతున్నారు? వీటికి జవాబులు నోట్స్‌లో రాసుకుంటే పరీక్షకే కాదు, రేపు ఉద్యోగంలో చేరి లబ్ధిదారుల జాబితా మీద సంతకం పెట్టేటప్పుడూ పనికొస్తాయి.